రాయదొరువు మొగ పూడిపోయి ఉంటే పులికాట్‌లో రొయ్య, చేప పిల్లలు వదిలి ఏం లాభం?

తడ_దోనె
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తడ మండలం, 2022లో తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ మేమింకా నెల్లూరోళ్ళమనే చెప్పుకుంటాం. మా నాయనా మా మామా ఇద్దరిదీ పులికాట్‌లోనే వేట, నేను ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీకి పోతా సెలవు రోజుల్లో దోనె ఎక్కుతా ఉంటా. విషయం ఏందంటే మొన్న మా ఊర్లో మీటింగ్ పెట్టి సరస్సులోకి టైగర్ రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు వదలతామని చెప్పినారు, కుర్రోళ్ళందరం చప్పట్లు కొట్టినాం, మా మామ వయసోళ్ళు మాత్రం ముందు రాయదొరువు మొగ (సరస్సు సముద్రంలో కలిసే చోటు) తవ్వించండయ్యా పిల్లల సంగతి తర్వాత చూద్దాం అని లేచెళ్ళిపోయినారు. ఇంటికొచ్చి అడిగితే మామ ఒకటే మాట, నీకు చెప్పినా అర్థం కాదులే అని. సైన్స్ తెలిసినోళ్ళు ఎవరన్నా చెప్పండి, మొగకీ రొయ్యకీ అంత సంబంధం ఏంది? ఇంకోటి, ఈ మధ్య వలలో పడే పండుగప్పలన్నీ జానెడే, పెద్దది కంటికి కనపడ్డం లేదు, అదెందుకు?

ముత్తుకూరు_స్టూడెంట్
శనివారం రాత్రి 10:25

అన్నా నేను ఫిషరీస్ చదువుతా ఉండా, తెలిసింది చెప్తా, కొంచెం పెద్దదవుద్ది ఓపిగ్గా చదువు.

పులికాట్‌లో మీకు దొరికే సరుకులో డబ్బులొచ్చేవి ఎక్కువ భాగం అక్కడ పుట్టినవి కాదు. టైగర్ రొయ్య, తెల్ల రొయ్య తల్లి సముద్రంలోనే గుడ్లు పెడతాది, ఒక్కో టైగర్ తల్లి రెండున్నర లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా పెడతాది, గుడ్డు ఒక రోజు లోపలే పగిలి పిల్ల రెండు వారాల్లోపు నాలుగైదు రూపాలు మారి అప్పుడు పోటు నీళ్ళతో పాటు కొట్టుకొచ్చి మొగ గుండా లోపలికొస్తాది. లోపల గడ్డి, బురద, మేత అన్నీ ఉంటాయి, పెద్ద చేపలు తక్కువ, కొన్ని నెలలు ఎదిగి మళ్ళీ పాటు నీళ్ళల్లో సముద్రానికి బయలుదేరతాది, మీ వాళ్ళు పట్టేది ఆ దారిలో పోయే రొయ్యనే. మల్లెట్ చేపలు (కొయ్యింగలు) కూడా అంతే, గుడ్లతో సముద్రంలోకి పోతాయి, పిల్లలు లోపలికొస్తాయి. పాలబొంత (మిల్క్ ఫిష్) పిల్లలు మన తీరంలో ఎండాకాలంలో ఎక్కువ దొరుకుతాయి, సరిగ్గా మొగ పూడేది కూడా అప్పుడే, ఇంక లోపలికి ఎట్ట వస్తాయి చెప్పు. మండపీత ఆడది గుడ్లు పొదగడానికి సముద్రంలోకే పోవాల. సరస్సులోనే పుట్టి సరస్సులోనే పిల్లల్ని పెంచేది దువ్వెన చేప లాంటివి, అది ఆడా మగా రెండూ కలిసి గుడ్లకి కాపలా కాస్తాయి, దానికి మొగతో పెద్ద పని లేదు.

పండుగప్ప సంగతి ఇంకా విచిత్రం. అది చాలావరకు మగగా పుట్టి మగగా ఎదుగుతాది, మూడు నాలుగేళ్ళకి మగదిగా పక్వానికొచ్చి ఇంకొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారతాది. అంటే మీ వలలో పెద్దది పడిందంటే అది దాదాపు ఆడదే, జానెడు దాన్నే పట్టేసుకుంటా ఉంటే ఇంక ఆడది అయ్యేది ఎప్పుడు, గుడ్లు పెట్టేది ఎవరు. పైగా గుడ్లు పెట్టాలంటే దానికి సముద్రం ఉప్పదనానికి దగ్గరగా ఉండే నీళ్ళు కావాల, అందుకని అది కూడా మొగ వైపే పోతాది.

వాకాటి_పెద్దాయన
ఆదివారం పొద్దున 6:15

ముత్తుకూరు అబ్బాయి బాగా చెప్పినాడు. మొగ ఎందుకు పూడుద్దో నేను చెప్తా, నా చిన్నప్పట్నుంచీ దాన్నే చూస్తా ఉండా. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అల దక్షిణం నుంచి ఉత్తరానికి ఏటవాలుగా కొడతాది, ఇసక కూడా అట్టనే ఉత్తరానికి నడుస్తా ఉంటాది, మొగ దగ్గరికొచ్చి ఆగిపోతాది. దాన్ని తోసేసేది ఏంది? లోపల్నుంచి వచ్చే వరద. కార్తీకంలో వానలు బలంగా పడితే కాళంగి, స్వర్ణముఖి పాయలు, దక్షిణం పక్క ఆరణి ఇవన్నీ సరస్సులోకి దిగి ఆ నీళ్ళు మొగని కోసుకుంటా సముద్రంలో పడతాయి. ఇప్పుడు పైన చెరువులు, ఆనకట్టలు, బ్యారేజీలు అయిపోయినాయి, వాన తక్కువైన ఏడు నీళ్ళే రావు. ఇసక మాత్రం సెలవు తీసుకోదు గదా. కొండూరుపాలెం మొగ, రాయదొరువు మొగ రెండూ అట్టనే మూసుకుపోతా ఉండాయి, తమిళనాడు పక్క పళవేర్కాడు దగ్గర ఉండే మొగ ఒక్కటే మేలు, అది కూడా వాళ్ళు తవ్వుకుంటా ఉంటేనే.

మొగ మూసుకుంటే ఎండాకాలం ఏమవుద్దో చూడాలంటే సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి ఉత్తరం పక్క చూడండి. నీళ్ళుండవు, తెల్లగా ఉప్పు పొర, నెర్రెలు. ఆ రోడ్డు కట్టకి తూములు చాలకనే ఉత్తరం నీళ్ళు, దక్షిణం నీళ్ళు సరిగ్గా కలవడం లేదని మా పెద్దోళ్ళు మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉండారు.

కోట_హ్యాచరీ
ఆదివారం పొద్దున 11:02

అందరూ మొగ మొగ అంటున్నారు, తవ్వకం పనులు టెండర్లు పిలిచి అయ్యేసరికి ఎన్నేళ్ళు పడుద్దో, అప్పటిదాకా జాలరోళ్ళు ఏం తినాల? పిల్లలు వదిలితే ఆర్నెల్లలో చేతికి డబ్బొస్తాది. పండుగప్ప హ్యాచరీ టెక్నాలజీ ఇప్పుడు మనకి బాగా తెలుసు, చెన్నైలో సీబా (కేంద్ర ఉప్పునీటి చేపల, రొయ్యల పరిశోధన సంస్థ) వాళ్ళు 1997లోనే చేసి చూపించారు, పాలబొంత కూడా 2015లో పిల్లలు తీశారు. మీరు పిల్లలు వదలడాన్ని ఊరికే కొట్టిపారేయొద్దు, నేను ఈ వ్యాపారంలోనే ఉండా కాబట్టి నా మాట స్వార్థం అనుకుంటే అనుకోండి.

ముత్తుకూరు_స్టూడెంట్
ఆదివారం పొద్దున 11:40

అనుకోవడం లేదన్నా, కానీ నాలుగు విషయాలు చూడాల. ఒకటి, ఎండాకాలం రోడ్డుకి ఉత్తరం పక్క ఉప్పదనం 50 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఎన్ని పాళ్ళ ఉప్పు అనే లెక్క) దాటుద్ది, సముద్రమే 35. అప్పుడు తెచ్చి వదిలిన పిల్ల హ్యాచరీ నీళ్ళ నుంచి ఒక్కసారిగా ఆ నీళ్ళలో పడితే బతికేది చాలా తక్కువ. అలవాటు చేసి వదలాల, వదిలే నెల చూసి వదలాల. రెండు, సరస్సు సగటు లోతు మీటరు చుట్టూనే, వదిలిన చోటే వలలు కట్టి ఉంటే నెల లోపల పైకి తీసేస్తారు. మూడు, జబ్బు. తెల్లమచ్చ వైరస్ 1994 నుంచి మన దేశంలో ఉంది, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు లేకుండా టైగర్ పిల్లల్ని సహజ సరస్సులోకి వదలడం అంటే మండపీతలకి కూడా అంటిస్తున్నట్టే, ఆ వైరస్ పీతల్లో కూడా ఉంటాది. ఇంక చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పిల్లల్ని మాత్రం ఎవరన్నా మిగిలినాయి గదా అని సరస్సులో పారబోశారంటే తప్పు, అది మన జాతి కాదు, పసిఫిక్ అవతలిది.

నాలుగోది అసలైంది. ఆ పిల్ల పెద్దదై గుడ్లు పెట్టాలంటే మొగ గుండా బయటికి పోవాల. మొగ మూసి పిల్లల్ని వదలడం తలుపుకి గడెపెట్టిన గదిలో కోడిపిల్లల్ని పెంచినట్టు, ఉన్నంతసేపు ఉంటాయి, తర్వాత ఏడు మళ్ళీ కొనుక్కోవాల్సిందే.

కోట_హ్యాచరీ
ఆదివారం మధ్యాహ్నం 1:15

ప్రతి ఏడూ కొనుక్కుంటే నాకేం నష్టం చెప్పు 😀 సరే జోక్. టెస్టు చేసిన సీడ్ అయితే వదలొచ్చు గదా, వానలు పడి ఉప్పదనం దిగినాక?

ముత్తుకూరు_స్టూడెంట్
ఆదివారం మధ్యాహ్నం 1:31

వదలొచ్చు. పండుగప్పని మాత్రం కొంచెం వేలెడు సైజు దాకా నర్సరీలో పెంచి వదిలితే మేలు. అది మాంసం తినే చేప, లోపల ఉండే రొయ్య పిల్లల్ని కూడా తింటాది, ఎక్కువ వదిలితే మనమే మన రొయ్యకి గండి కొట్టుకున్నట్టు.

కొత్తపట్నం_కెరటం
ఆదివారం సాయంత్రం 4:50

మాది ఒంగోలు పక్క, మాకు సరస్సు లేదు, తీరం ఉంది, కాబట్టి నేను దూరం నుంచి మాట్లాడతన్నా అనుకోండి. మొగ తవ్వితే ఏమవుద్దో చిలికా చూస్తే తెలుస్తది. ఒరిస్సాలో చిలికా పాత మొగ పూడిపోయి, ఉప్పదనం పడిపోయి, గడ్డి పెరిగిపోయి 1993లో రామ్‌సర్ (చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం) వాళ్ళ ప్రమాద జాబితాలోకి కూడా ఎక్కింది. 2000 సెప్టెంబర్‌లో కొత్త మొగ తవ్వారు. అంతకుముందు ఏడాదికి రెండు వేల టన్నుల లోపు పడే చేప, రొయ్య, పీత కలిపి 2001-02కి పన్నెండు వేల టన్నుల దగ్గరికి పోయింది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి తీసేసి అవార్డు కూడా ఇచ్చారు. అక్కడ ఎవరూ లారీల్లో పిల్లల్ని తెచ్చి పోయలా, దారి తెరిస్తే అవే వచ్చినయి.

కానీ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి, చిలికాలో ఉప్పదనం తగ్గిపోవడం బాధ, పులికాట్ ఉత్తరం పక్క ఎక్కువైపోవడం బాధ. మహానది పాయలు చిలికాలోకి దిగుతాయి, మనకి కాళంగి, ఆరణి అంత నీళ్ళు తేలేవు. అంటే తవ్విన మొగని నిలబెట్టే వరద మనకి తక్కువ. ఒకసారి తవ్వి రిబ్బన్ కత్తిరించి పోతే ఏడాది తిరక్కుండా మళ్ళీ ఇసకే.

వాకాటి_పెద్దాయన
ఆదివారం సాయంత్రం 6:30

అది నిజం. అందుకనే రెండు పక్కలా రాళ్ళ గోడ కట్టమని కొంతమంది అడగతా ఉండారు.

కొత్తపట్నం_కెరటం
ఆదివారం సాయంత్రం 6:44

రాళ్ళ గోడ అంటే భయం పెద్దాయనా. గోడ కడితే దక్షిణం పక్క ఇసక పేరుకుంటది, ఉత్తరం పక్క తీరం కోసుకుపోతది. చెన్నై హార్బర్ కట్టినాక దక్షిణాన మెరీనా బీచ్ పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకి గురైంది, ఇది అందరికీ తెలిసిన కథే. రాయదొరువుకి ఉత్తరాన ఉండే ఊర్లోళ్ళని అడగకుండా గోడ కడితే రేపు వాళ్ళ ఇళ్ళు పోతే ఎవరిది బాధ్యత? గోడ కట్టాలంటే కోసుకుపోయే పక్కకి ఇసక తోలే ఏర్పాటు కూడా అదే టెండర్లో రాయాలి, లేకపోతే చిన్న డ్రెడ్జర్ ఒకటి అక్కడే పెట్టుకుని ప్రతి ఏడూ తీస్తా ఉండటం మేలు.

ఇరకం_కోడలు
ఆదివారం రాత్రి 8:10

నమస్కారం అన్నలందరికీ. నేను ఇరకం దీవికి కోడలిగా వచ్చినదాన్ని, భీమునివారిపాలెం రేవు నుంచి పడవలో వచ్చి పోయేవాళ్ళం. మీరందరూ పడవ ఉండేవాళ్ళ సంగతి మాట్లాడతా ఉండారు, పడవ లేనోళ్ళు కూడా ఉండారు. యానాది ఆడవాళ్ళు మోకాల్లోతు నీళ్ళలో చేతుల్తో తడిమి రొయ్య పట్టి బుట్టలో వేసుకుంటారు, ఆ పని మీకు చూస్తే గానీ తెలీదు. నీళ్ళు వెనక్కి పోతే ముందు పోయేది వాళ్ళ కూలీనే, పడవోళ్ళు ఇంకో చోటికి పోతారు, నడిచేవాళ్ళు యాడికి పోతారు.

ఇంకోటి అడగాల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం పెట్టి డబ్బులిస్తారు గదా, 2025లో పదివేల నుంచి ఇరవై వేలు చేసినారు, మంచిదే. కానీ అది మోటారు పడవలు, మరబోట్ల లెక్కన ఇచ్చేది. లోపల సరస్సులో కట్టె తోసుకుని వేట చేసేవాళ్ళకి నిషేధమూ లేదు, డబ్బూ లేదు, ఆ ఎండల్లో నీళ్ళూ లేవు. జాబితా రాసేవాళ్ళని అడిగితే మీకు నిషేధమే లేదు గదమ్మా వేటకి పోండి అంటారు, యాడ చేసేది వేట, ఉప్పులోనా?

పీత గురించి కూడా చెప్పండి, గుడ్డు పీత పడితే వదిలేయాలంటారు, వ్యాపారి దానికే ఎక్కువ ధర ఇస్తాడు.

రిటైర్డ్_మత్స్యశాఖ
ఆదివారం రాత్రి 9:05

అమ్మా, పీతలో రెండు రకాలు కలిపేస్తున్నారు. లోపల డిప్పలో ఎర్రగా గుడ్డు నిండిన ఆడపీత ఒకటి, దానికి ఎగుమతిలో ధర ఎక్కువ. కడుపు కింద బయటికి కనపడేలా గుడ్లు అంటించుకుని మోస్తుండే పీత ఇంకొకటి, ఇది పొదిగే దశ, దీన్ని తప్పకుండా వదలాలి, ఇది మామూలుగా సముద్రంలోనే ఉంటుంది, మొగ దగ్గర వలల్లోనే ఎక్కువ పడుతుంది. మొదటి రకం కూడా మొగ దాటి పోతేనే రెండో రకం అవుతుంది. అన్నీ వదలమని నేను చెప్పను, మీ ఇంటి పొయ్యి వెలగాలి కదా. చిన్న పీతలు, కొత్తగా కుబుసం విడిచిన మెత్తపీతలు వదిలేస్తే అది చాలా పెద్ద మేలు, మెత్తవి అమ్మితే రూపాయి రాదు, గట్టిపడే దాకా బుట్టల్లో పెంచితే అదే పీతకి మంచి ధర.

చట్టాల సంగతి కూడా ఇక్కడే రాస్తాను, చాలామంది గజిబిజి పడుతున్నారు. మన వైపు పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం, అంటే అటవీ శాఖ మాట లేకుండా మొగ దగ్గర యంత్రం దిగదు. చేపలు, వలలు మత్స్యశాఖ కింద. శ్రీహరికోట వైపు అంతరిక్ష కేంద్రం భద్రత. దక్షిణం భాగం తమిళనాడు. ఒక్క సరస్సుకి ఇంతమంది యజమానులు. చిలికాకి ప్రత్యేకంగా ఒక అథారిటీ ఉండబట్టే ఆ మొగ పని నడిచింది, మనకి రెండు రాష్ట్రాలు కలిసి కూర్చునే బల్ల లేదు.

రొయ్యల చెరువుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో చెప్పిన తీర్పులో చిలికా, పులికాట్ పేర్లు పెట్టి మరీ వాటికి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దంది, నేలపట్టు పక్షుల అభయారణ్యం పేరు కూడా అందులో ఉంది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టారు. కాగితం మీద ఉన్నదానికీ కాళంగి పక్కన మోటార్లు ఆడుతున్నదానికీ తేడా మీరే చూసుకోండి.

కోట_హ్యాచరీ
ఆదివారం రాత్రి 9:30

సార్, రొయ్య రైతుని విలన్ చేయొద్దు. మురుగు నీళ్ళు శుద్ధి చేసి వదిలే రైతులు కూడా ఉండారు. చెన్నై వైపు ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంట్ల వేడి నీళ్ళ గురించి కూడా మాట్లాడండి.

రిటైర్డ్_మత్స్యశాఖ
ఆదివారం రాత్రి 9:38

అదీ ఉంది. ఎన్నూరు వైపు దక్షిణ అమెరికా ఆల్చిప్ప ఒకటి దిగింది, అక్కడి జాలర్లు కాకా ఆళి అంటారు, అడుగు నేలంతా చాపలాగా పరుచుకుని రొయ్య దాక్కునే బురదని కప్పేస్తుంది. ఓడల అడుగున అంటుకునో, వాటి బ్యాలాస్ట్ నీళ్ళలోనో (ఓడ నిలకడ కోసం నింపుకునే నీళ్ళు) వచ్చుంటుందని నిపుణులు అంటున్నారు. మన వైపు కాలువల్లో నల్లగా గుత్తులు గుత్తులుగా కనిపిస్తే ఫోటో తీసి పెట్టండి.

దొరవారిసత్రం_కుర్రోడు
ఆదివారం రాత్రి 10:12

అసలు సమస్య తమిళోళ్ళే, వాళ్ళు మన వైపుకొచ్చి చిన్న కన్ను వలలు వేసి మొత్తం ఊడ్చేస్తా ఉండారు, మనోళ్ళు పోతే మాత్రం వలలు లాగేసుకుంటారు. ముందు వాళ్ళ సంగతి తేల్చండి.

వాకాటి_పెద్దాయన
సోమవారం పొద్దున 5:50

అబ్బాయా, రొయ్యకి సరిహద్దు తెలవదు. పళవేర్కాడు మొగలో లోపలికొచ్చిన పిల్లే ఎదిగి మన తడ దగ్గర పడతాది. మనం కాలువకి అడ్డంగా కట్టుడు వల కట్టి దోమతెర లాంటి కన్నుతో పట్టేస్తే వాళ్ళకి పోయేది లేదు, వాళ్ళు అట్టా చేస్తే మనకి రాదు. గొడవలు అయినప్పుడల్లా రెండు పక్కలా పెద్దోళ్ళు కూర్చుని వలలు తిరిగిచ్చుకున్న సందర్భాలు కూడా ఉండాయి. చిన్న కన్ను వల మన ఊర్లలో లేదని గుండెల మీద చెయ్యేసి చెప్పు చూద్దాం.

వాళ్ళ దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది, పాడు అంటారు. మొగ దగ్గర, కాలువల్లో రొయ్య బాగా పడే చోట్లు ఉంటాయి గదా, ఆ చోట్లని చీట్లు వేసి వంతులు పంచుకుంటారు, ఈరోజు నీది అయితే రేపు నాది. అందువల్ల ఒకే చోట అందరూ పడి కొట్టుకోరు. బయటోళ్ళకి, వేరే కులాలోళ్ళకి వంతు దొరకదని దాని మీద ఫిర్యాదులూ ఉండాయి, అది కూడా చెప్పాల గదా. ఆ పద్ధతిలో అన్యాయం తీసేసి వంతు మాత్రం ఉంచుకుంటే మనకి పనికొస్తాది.

ఇరకం_కోడలు
సోమవారం పొద్దున 7:20

వంతుల్లో చేత్తో పట్టే ఆడవాళ్ళకి కూడా చోటు పెడితేనే పెద్దాయనా. లేదంటే మళ్ళీ పడవోళ్ళ రాజ్యమే.

వాకాటి_పెద్దాయన
సోమవారం పొద్దున 7:41

పెట్టాల్సిందే తల్లీ. లోతు తక్కువ ఉండే అంచులు వాళ్ళకి వదిలేసి అక్కడ కట్టుడు వల లేకుండా చేస్తే సరిపోద్ది.

తడ_దోనె
సోమవారం రాత్రి 9:15

డ్యూటీ నుంచి వచ్చి మొత్తం చదివినా. మామకి చదివి వినిపిస్తే నవ్వి, ముత్తుకూరు పిల్లోడిని ఒకసారి ఇంటికి పిలువు, కొయ్యింగ పులుసు పెడదాం అన్నాడు. వచ్చే నెల మళ్ళీ మీటింగ్ ఉంది. పిల్లలు వదిలే డబ్బుల్లో కొంత మొగ పూడిక తీతకి మార్చమని, వదిలేదేదో వానల తర్వాత టెస్టు చేసిన సీడ్ వదలమని అడుగుదామనుకుంటా ఉండాం. కానీ ఉత్తరం పక్క నీళ్ళు ఇంత ఉప్పగా ఉండాయి అని నోటి మాటగా చెప్తే ఎవరూ వినరు. ఉప్పదనం మనమే కొలిచి రాసుకోవచ్చా? మిషన్ ఖరీదా?

ముత్తుకూరు_స్టూడెంట్
సోమవారం రాత్రి 9:42

కొయ్యింగ పులుసుకి ఎప్పుడైనా రెడీ అన్నా. రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టేది ఉంటాది, రొయ్యల మేత షాపుల్లో అడుగు, సూళ్ళూరుపేట, నాయుడుపేటలో కాకపోతే నెల్లూరులో తప్పకుండా దొరుకుతాది, పెద్ద ఖరీదేం కాదు. వంద పీపీటీ దాకా చూపించేది తీసుకో. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా దగ్గరికి తిప్పుకోవాల, బ్యాటరీ నీళ్ళు పనికొస్తాయి, ఆ తర్వాత సరస్సు నీళ్ళ చుక్క వేసి మూతేసి వెలుతురు వైపు చూస్తే నీలం తెలుపు కలిసే గీత దగ్గర నంబరు ఉంటాది.

రిటైర్డ్_మత్స్యశాఖ
సోమవారం రాత్రి 10:05

కొలిచేటప్పుడు రోడ్డుకి ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి, కాళంగి కలిసే చోట ఒకటి, మొగ దగ్గర ఒకటి ఎప్పుడూ అవే చోట్లు పెట్టుకోండి. పోటా పాటా, అమావాస్యకి ఎన్నో రోజు అన్నది పక్కన రాయండి, అది లేకపోతే ఆ నంబరుకి అర్థం ఉండదు. ఆ రోజు వలలో పడిన రకాలు, ఏ కన్ను వల అన్నది కూడా రాస్తే ఏ ఆఫీసరూ కాదనలేడు.

ఇరకం_కోడలు
సోమవారం రాత్రి 10:20

ఇరకం పక్క నేను కొలుస్తా, మిషన్ ఒకటి ఇప్పించండి. మా ఆయనకి ఇస్తే మొదటి రోజే నీళ్ళలో జారవిడుస్తాడు.

కోట_హ్యాచరీ
సోమవారం రాత్రి 10:26

నా దగ్గర పాతది ఒకటి ఉందమ్మా, బాగానే పని చేస్తాది, తడ అబ్బాయి చేతికిచ్చి పంపిస్తా. తాడు కట్టి మెడలో వేసుకోండి.